గొణుగుడమ్మ

ప్రార్థన అన్న మాటలో థ పొట్టలో ఉండాల్సిన చుక్క ఎగిరిపోయింది. ఆహ్వానపత్రం మీద బంగారు రంగు అక్షరాల్లో "ప్రార్ధన గది" అని అచ్చయి కూర్చుంది. పదహారేళ్ళుగా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దడం నా పని, ఇలాంటిది కనబడితే చెప్పులో రాయి పడ్డట్టుంటుంది నాకు. పది గంటలకు రమ్మన్నారు, పదిన్నరయింది, డైరెక్టరుగారు దారిలో ఉన్నారట. ఆసుపత్రి ముందు హాల్లో మొదటి వరసలో, వెనక్కి వాలితే కిర్రుమనే కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. ఎదురుగా చిన్న వేదిక, వేదిక వెనక కొత్త తలుపు, తలుపు పక్కన గోడకి పలక, పలక మీద నీలం తెర, తెరకో తాడు. ఆ తాడు నేను లాగాలి. మా అమ్మమ్మ పేరు పెట్టిన గది కాబట్టి, ఆవిడకి మిగిలింది నేనొక్కదాన్నే కాబట్టి. మెడలో గుర్తింపు కార్డు వేలాడేసుకున్న ఆఫీసు అమ్మాయి పదినిమిషాలకోసారి వచ్చి "ఇంకో అయిదు నిమిషాలు మేడమ్" అంటోంది. పాపం, ఆ పిల్లకేం తెలుసు. పోయిన నెల ఫోన్ చేసి, "మన పాత ఉద్యోగుల్లో స్ఫూర్తినిచ్చే వాళ్ళ కోసం ఫైళ్ళన్నీ వెతికాం మేడమ్, మీ అమ్మమ్మగారి గురించి ఎంత మంచి మాట దొరికిందో" అని మురిసిపోతూ పలక మీద చెక్కబోయే వాక్యం చదివి వినిపించింది. పని చేస్తూనే ప్రార్థనలో నిమగ్నమై జీవించిన ధన్యురాలు. నిమగ్నమై. ఆ మాట ఏ ఫైల్లో ఉందో, ఏ కాగితం మీద ఎన్నో వరసలో ఉందో నాకు తెలుసు, ఎందుకంటే దాన్ని మొట్టమొదట పైకి చదివింది నేనే. పదిహేనేళ్ళ వయసులో.

పక్కన ఎవరో పెద్దాయన టీ కావాలా అని అడుగుతున్నాడు, వద్దండీ అన్నాను, గొంతు మరీ కటువుగా వచ్చినట్టుంది, ఆయన కప్పు వెనక్కి తీసుకుని అటు తిరిగిపోయాడు. తిరగనీ. ఇవాళ నాకు మర్యాదలు చేతకావు. రానని చెప్పాల్సింది అసలు. ఎందుకొచ్చానంటే ఆ డైరెక్టరు మొహం చూడాలని వచ్చాను, చూసి ఏం చేస్తానో తెలియకుండానే వచ్చాను. అమ్మమ్మయితే ఏమనేది, "కోపం తెచ్చుకునే ముందు మంచినీళ్ళు తాగు తల్లీ, ఉత్త కడుపు మీద కోపం పడదు" అనేది. ప్రతిదానికీ ఒక మాట ఉండేది ఆవిడ దగ్గర, ప్రతి మాట వెనకా దేవుడుండేవాడు. దేవుణ్ణి "నాయనా" అని పిలిచేది, సొంత తమ్ముణ్ణో ఎదిగిన కొడుకునో పిలిచినట్టు. పళ్ళు తోముకుంటూ మాట్లాడేది, బస్సు కోసం నిలబడి మాట్లాడేది, నా జడ వేస్తూ, "నాయనా, ఈ పిల్లకి లెక్కలు రావట్లేదు, నువ్వే చూసుకో, నాకూ రావు" అనేది. పెదాలు ఎప్పుడూ కదులుతూనే ఉండేవి. ఇక్కడ, ఈ హాలు కింద, నేలమాళిగలో ఉన్న లాండ్రీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసింది, అక్కడందరూ ఆవిణ్ణి గొణుగుడమ్మ అనేవాళ్ళు. పిలిస్తే పలికేది కూడా. ఇస్త్రీ రోలరు ముందు నిలబడి, తడి దుప్పటి రెండు కొసలూ సరిచేసి లోపలికి అందిస్తూ, ఒక్కో దుప్పటికీ ఒక్కో మాట చెప్పేది. దీని మీద పడుకునేవాడికి నొప్పి తగ్గించు నాయనా. దీని మీద పడుకునే తల్లికి నిద్రపట్టించు. రోజుకి నాలుగువందల దుప్పట్లు. నాలుగువందల మంది మొహం తెలియని మనుషులు. నేను బడి నుంచి నేరుగా అక్కడికే వెళ్ళేదాన్ని, మడతపెట్టిన వేడి దుప్పట్ల దొంతర మీద కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని, సబ్బు, ఆవిరి, కాలిన నూలు వాసన కలిసి నా నోటుపుస్తకాలకి పట్టేసేది, బడిలో పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు.

ఒకసారి అడిగాను, నాలుగువందల మందిలో ఎంతమంది బాగయ్యారో నీకెలా తెలుస్తుంది అని. "తెలుసుకుని నేనేం చేస్తానే? ఉతకడం నా పని, బాగుచెయ్యడం ఆయన పని. ఒకరి పని ఇంకొకరు లెక్క చూడకూడదు" అంది. అప్పుడు నవ్వాను. పన్నెండేళ్ళొచ్చాక నవ్వలేదు. పన్నెండేళ్ళప్పుడు నాకు తెలిసింది, మా అమ్మ ఇదే ఆసుపత్రిలో పోయిందని, నాకు నాలుగేళ్ళుండగా, కడుపులో తమ్ముడితో, రెండో అంతస్తులో. వాడూ దక్కలేదు. మర్నాడు రెండో అంతస్తు నుంచి మూట దిగింది లాండ్రీకి, దుప్పటి మూల వార్డు గుర్తు చూసి అమ్మమ్మ ఆ మూటని ఎవరినీ ముట్టుకోనివ్వలేదట. తనే విప్పి, తనే చన్నీళ్ళలో వేసిందట. రక్తానికి ముందు చన్నీళ్ళే, వేడినీళ్ళు పోస్తే మరక ఉడికి నూలుకి పట్టేస్తుంది, ఇక ఎప్పటికీ పోదు, ఆ సంగతి నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు, అమ్మమ్మ అది ఎవరి రక్తంతో నేర్చుకుందో మాత్రం తెలియదు. అడిగాను, ఆ దుప్పటికి ఏం చెప్పావు అమ్మమ్మా, ఆ రోజు కూడా ఏదో చెప్పే ఉంటావుగా అని. చెప్పిందట. రేపు దీని మీద పడుకునే తల్లి లేచి పిల్లతో సహా ఇంటికెళ్ళాలి నాయనా అని చెప్పిందట. నీ కూతురు లేవలేదు కదే, ఇంకెవరి కూతురో లేవాలని ఎలా అడిగావు, ఎవడిని అడిగావు, లేపనివాడినే అడిగావా అని అరిచాను. ఆవిడ నా వైపు చూసి, "మరి ఇంకెవర్నడగనే, ఆయన తప్ప నాకెవరు తెలుసు" అంది. చాలా మామూలుగా. నేను పుస్తకం గోడకేసి కొట్టాను. నా కోపం అక్కడ మొదలైంది, ముప్ఫై ఏడేళ్ళొచ్చాయి, ఇంకా చల్లారలేదు.

హాల్లో కలకలం రేగింది, అందరూ లేస్తున్నారు, డైరెక్టరేనా, కాదు, పూలగుత్తి తెచ్చినవాడు, మళ్ళీ కూర్చున్నారు. ఆయనకిప్పుడు జుట్టు తెల్లబడి ఉంటుంది. అప్పుడు నల్లగా, నూనె రాసి, పక్కపాపిడి తీసి ఉండేది. అప్పుడాయన డైరెక్టరు కాదు, పాలన ఆఫీసరు, లాండ్రీ, వంటగది, కాపలా ఆయన కింద ఉండేవి. ఇస్త్రీ రోలరుకి ఒక అడ్డకమ్మీ ఉండేది, చేయి లోపలికి పోబోతే ముందు ఆ కమ్మీకి తగులుతుంది, తగలగానే యంత్రం ఆగిపోవాలి. ఆ కమ్మీ ఒక పక్క విరిగింది. విరిగిన రోజే లాండ్రీ వాళ్ళు రాసిచ్చారు. నాలుగు నెలలు తీగ చుట్టి నడిపించారు, తీగ చుట్టిన కమ్మీ తగిలితే ఊగుతుంది తప్ప యంత్రం ఆగదు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఆ దొంతర మీద కూర్చుని భూగోళం చదువుకునే నాకూ తెలుసు. లాండ్రీలో కొత్తగా చేరిన అమ్మాయొకతె ఉండేది, పందొమ్మిదేళ్ళది, పిడికెడంత మనిషి, అందరూ పిచ్చుక అనేవాళ్ళు. ఒక మధ్యాహ్నం పిచ్చుక చొక్కా చెయ్యి తడి దుప్పటి కొసలో చిక్కుకుంది, దుప్పటి రోలరులోకి వెళ్తోంది, దుప్పటితో పాటు చెయ్యీ వెళ్తోంది. అరవడానికి కూడా ఆ పిల్లకి గొంతు రాలేదు. అమ్మమ్మ రెండంగల్లో చేరి, కుడిచేత్తో దుప్పటిని రోలరు పక్కనుంచే ఒడిసిపట్టి, ఎడమచేత్తో పిచ్చుక మోచెయ్యి పట్టుకుని చొక్కా చిరిగేలా వెనక్కి లాగేసింది. పిచ్చుక చెయ్యి బయటికొచ్చింది. అమ్మమ్మ కుడిచేతి రెండు వేళ్ళు లోపల ఉండిపోయాయి. ఎవరో పరిగెత్తి మెయిను ఆపేశారు. నేను బడి నుంచి వచ్చేసరికి రోలరు చల్లారిపోయి ఉంది, అమ్మమ్మ పై అంతస్తులో, తను ఉతికిన దుప్పటి మీదే పడుకుని ఉంది. నన్ను చూసి, "మరీ గంజి ఎక్కువ పెడుతున్నాం తల్లీ, ఒంటికి గుచ్చుకుంటోంది, రేపు చెప్పాలి వాళ్ళకి" అంది.

విచారణ అన్నారు. వారం తర్వాత, ఆయన గదిలో. ఫ్యాను, బల్ల, బల్ల మీద గాజు, గాజు కింద ఎవరివో పిల్లల ఫొటోలు. అమ్మమ్మకి చదవడం కూడబలుక్కుని వచ్చేది, అందుకని నన్ను వెంటబెట్టుకెళ్ళింది. ఆయన పిచ్చుక పేరెత్తలేదు. కమ్మీ పేరెత్తలేదు. మెత్తగా, మర్యాదగా అడిగాడు, అదే ఇప్పటికీ నాకు కంపరం, గట్టిగా అరిచినా బాగుండేది.

"పని చేసేటప్పుడు ప్రార్థన చేసుకుంటావటగా అమ్మా?"

"చేసుకుంటానయ్యా."

"ఆ రోజు కూడా?"

"ఆ రోజూ చేసుకుంటూనే ఉన్నానయ్యా. ఏ రోజు మానాను కనక!"

"అంటే కళ్ళు మూసుకుని..."

"కళ్ళు మూసుకుంటే దుప్పటి మడతలెలా తీస్తానయ్యా?" అని నవ్వింది అమ్మమ్మ, పిల్లాడేదో తెలియక అడిగాడన్నట్టు.

గుమాస్తా మొదటి రెండు జవాబులూ రాశాడు. మూడోది రాయలేదు. కలం ఆగడం నేను చూశాను, కలం మూత పెట్టడం కూడా చూశాను. కాగితం నా చేతికిచ్చి చదివి వినిపించమన్నారు. ప్రమాద సమయంలో కార్మికురాలు ప్రార్థనలో నిమగ్నమై ఉన్నట్టు స్వయంగా అంగీకరించింది. అమ్మమ్మ తలూపుతూ విని, "నిమగ్నమై అంటే ఏంటి తల్లీ" అంది. మునిగిపోయి అని చెప్పాను. "బాగుంది మాట" అంది. సంతకం పెట్టకు అమ్మమ్మా, పెడితే తప్పంతా నీదే అవుతుంది, కాదని చెప్పు, ఆ ఒక్క నిమిషం ప్రార్థన చెయ్యలేదని చెప్పు చాలు, అని ఆయన ముందే చెయ్యి పట్టుకుని గుంజాను. "అందులో అబద్ధమేమన్నా ఉందా?" అని అడిగింది. వెతికాను. దేవుడి మీద ఒట్టు అనను, ఆయనతో నాకు మాటల్లేవు, కానీ ఆ వాక్యం మొత్తం వెతికాను, ఒక్కో మాటా ఎత్తి కింద చూశాను. ఒక్క అబద్ధపు మాట లేదు. మాటలన్నీ నిజం, వాక్యం పచ్చి అబద్ధం. "లేదు, కానీ..." అన్నాను. "లేదుగా మరి" అని ఎడమచేత్తో, వంకరటింకరగా, తన పేరు అక్షరమక్షరం రాసింది. నెలాఖరుకి ఉద్యోగం పోయింది. సొంత అజాగ్రత్త. ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసినావిడ గేటు బయటికి ఒక టిఫిన్ డబ్బా, జత చెప్పులు పట్టుకుని వచ్చింది. ప్రూఫులు దిద్దే పనిలో ఎలా చేరావు అని అడుగుతారు జనం. ఇలా చేరాను. ఆ రోజు నుంచీ ఏ వాక్యాన్నీ నమ్మలేదు నేను.

అన్నిటికన్నా ఎక్కువ కోపం ఆ ఆఫీసరు మీద అనుకుంటారు. కాదు. ఆయన తన పని తాను చేసుకున్నాడు, పాము కరుస్తుంది. ఎక్కువ కోపం ఆవిడ మీద. ఒక్క మాట అమ్మమ్మా, ఒక్క "లేదు". నీ నాయనేమన్నా అలిగేవాడా, ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క నిమిషం నిన్ను కాదన్నందుకు? ఆ తర్వాత మూడు వేళ్ళ చేత్తో ఇరుగుపొరుగు బట్టలు ఉతికింది నన్ను చదివించడానికి. బట్ట పిండేటప్పుడు ఆ చెయ్యి జారిపోయేది, పళ్ళతో పట్టుకునేది కొస. ఆ పళ్ళ మధ్య నుంచే గొణుగుడు. ఇక గురువారాలైతే సరేసరి. ప్రతి గురువారం పొద్దున్నే తలస్నానం చేసి, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, "ప్రార్థనకెళ్ళొస్తా తల్లీ" అని వెళ్ళిపోయేది, మధ్యాహ్నం దాకా రాదు. ఏ ప్రార్థనమందిరానికో అనుకున్నాను. నీ వేళ్ళు తిన్న దేవుడి దగ్గరికి ముస్తాబై వెళ్తున్నావా అని గడపలో నిలబడి అడిగాను ఒక గురువారం. ఇంకా ఘోరంగా కూడా అన్నాను, ఇక్కడ చెప్పను. ఆవిడ చెప్పులు వేసుకుని, "ఆలస్యమైతే కుర్చీ దొరకదు" అని వెళ్ళిపోయింది. దాదాపు ఏడాది అలా. తర్వాత ఒక గురువారం వెళ్ళడం మానేసింది, ఎందుకని అడగలేదు నేను, విసుగొచ్చి ఉంటుందని సంతోషపడ్డాను, అంతే.

ఎనిమిది నెలలయింది పోయి. ఎనభై నాలుగేళ్ళు. చివరి వారం మంచం మీదే, మాట బాగా సన్నగిల్లింది, అయినా జాబితా ఆగలేదు. పక్కింటి వాళ్ళ దగ్గు, బస్సు కండక్టరు కూతురి పెళ్ళి, నా కళ్ళజోడు, అన్నీ అయ్యాక, "ఆ ఆఫీసరుగారి మోకాళ్ళ నొప్పులు తగ్గించు నాయనా" అంది. నాకు మండిపోయింది. చేతిలో మందు గ్లాసు కిందపెట్టి, ఆయన మోకాళ్ళు విరిగిపోవాలి అన్నాను. నవ్వింది, పళ్ళు లేని నవ్వు. "నీ మాట కూడా చెప్తాలే. ఏది వినాలో ఆయనిష్టం." అవే ఆవిడ నాతో అన్న ఆఖరి మాటలు కావు, ఆఖరిది దుప్పటి కాళ్ళ మీదికి లాగమని, కానీ నాకు గుర్తుండిపోయింది ఇదే. ఆయన మోకాళ్ళ సంగతి ఈవిడకెలా తెలుసు అని కూడా అప్పుడు తట్టలేదు. కోపంలో ఉన్నవాడికి ఎదురుగా ఉన్నది కనబడదు, అది మాత్రం నిజం.

"నన్ను గుర్తుపట్టావా?"

తలెత్తాను. పొట్టి మనిషి, నెరిసిన పాపిడి, నీలం ఏప్రను, ఏప్రను మీద తడి. పక్క కుర్చీ కొసన కూర్చుంది, ఎవరైనా లేవమంటారేమో అన్నట్టు.

"పిచ్చుకక్కా?"

"ఇంకా పిచ్చుకేనే, నలభై ఒకటొచ్చినా. ఇప్పుడు లాండ్రీ సూపర్‌వైజర్ని." నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వేడిగా, గరుగ్గా, నిండుగా ఉంది. "పైకి రాకూడదన్నారు, ఏప్రన్లతో బాగుండదట ఫొటోల్లో. నిన్ను చూసి పోదామని వచ్చా. మామ్మ పోయిన సంగతి ఆలస్యంగా తెలిసింది." కాసేపు పలక వైపు, తెర వైపు చూసింది. "గురువారాలు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది నాకు."

"ఏ గురువారాలు?"

"అదేంటి, నీకు తెలీదా?" అంది. నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఉద్యోగం తీసేశాక ప్రతి గురువారం వచ్చేదిగా మామ్మ. ఈ డైరెక్టరుగారి గది బయట బెంచీ ఉండేది, దాని మీద కూర్చునేది. ఏం కావాలమ్మా అంటే, ఏమొద్దయ్యా, ప్రార్థన చేసుకుంటున్నా అనేది. అదీ చిన్నగా కాదు. నాయనా, ఈ ఆఫీసరుగారికి ఆ కమ్మీ బిగించే బుద్ధి పుట్టించు. నాయనా, కమ్మీ ఇంకా తీగ మీదే ఉంది, ఈయన సంతకం పెట్టలేదు, ఈయన చేతికి ఓపికివ్వు. వరండా అంతా వినబడేది. రోగులు, డాక్టర్లు, తనిఖీకొచ్చినవాళ్ళు, అందరూ వినేవాళ్ళు. ప్రార్థన చేసుకునేదాన్ని గెంటెయ్యమని కాపలావాళ్ళకి చెప్పడానికి ఈయనకి మొహం చెల్లేది కాదు. ఒకసారి దొడ్డిదారిన పోబోయి మెట్ల మీద పడ్డాడు కూడా, అప్పట్నుంచే ఆ మోకాళ్ళు. పదకొండు నెలలు. కమ్మీ బిగించిన రోజు కిందికి దిగొచ్చి, తనే చెయ్యి పెట్టి తగిలించి చూసింది. యంత్రం ఆగింది. ఇంక రాలేదు."

ప్రార్థనకెళ్ళొస్తా తల్లీ. వెతికాను మళ్ళీ, ఇరవై రెండేళ్ళ తర్వాత, ఆ వాక్యంలో కూడా ఒక్క అబద్ధపు మాట లేదు. ముసల్దానా. నా ముందు అంత మెత్తగా ఉండి. నేను గడపలో నిలబడి నానా మాటలూ అంటే ఒక్కదానికీ జవాబు చెప్పకుండా చెప్పులేసుకుని యుద్ధానికి వెళ్ళేదానివా? చెబితే నేనూ వచ్చి ఆ బెంచీ మీద కూర్చునేదాన్ని కదా, బడి మాన్పించాల్సొస్తుందని చెప్పలేదా, నా కోపం నన్ను తినేస్తుందని చెప్పలేదా, లేక అది నీకూ నీ నాయనకీ మధ్య సంగతా? ఎవరిని అడగాలి ఇప్పుడు? సంతకం పెట్టింది తనకోసం అబద్ధమాడనని. అంతే. ఇంకొకరి చెయ్యి కోసం మాత్రం వరండా దద్దరిల్లేలా అరిచింది. నాకు ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది, కానీ ఇన్నేళ్ళూ ఆవిడ వైపు తిరిగి ఉన్న మొన ఆ ఆఫీసరు వైపు తిరిగింది, అంతా ఒకే వైపుకి, ఎంత తేలికగా తిరిగిందో చెప్పలేను.

"ఇప్పుడా కమ్మీ...?" అన్నాను.

"ఆ యంత్రం పోయి కొత్తదొచ్చిందిలే. దానికి కమ్మీ ఉండదు, ఎర్ర బటనుంటుంది, నొక్కితే ఆగాలి." పిచ్చుకక్క గొంతు తగ్గించింది. "అది ఇరుక్కుపోయి మూడు వారాలైంది. రెండుసార్లు రాసిచ్చా. ఈ ప్రారంభోత్సవం అయ్యాక చూద్దామన్నారు. ఎలక్ట్రీషియన్లందరూ ఈ దీపాల దగ్గరే ఉన్నారుగా." పైకి చూపించింది. కొత్త గది తలుపు మీద చిన్నచిన్న దీపాలు, మెత్తటి పసుపు వెలుగు, మనశ్శాంతి కోసం.

అప్పుడే ఆయన వచ్చాడు. అందరూ లేచారు, నేను లేవలేదు. జుట్టు తెల్లబడింది, చేతికర్ర ఉంది, మెట్లెక్కేటప్పుడు కుడి మోకాలు వంగనంటోంది. ఎవరో మాట్లాడారు, ఎవరో చప్పట్లు కొట్టారు, తర్వాత ఆయన మైకు పట్టుకుని వినయం గురించి, సేవ గురించి, ఫిర్యాదన్నది ఎరగని ఆ తరం మనుషుల గురించి మాట్లాడాడు. ఫిర్యాదన్నది ఎరగని. కళ్ళార్పకుండా అన్నాడు. ఆఫీసు అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసి "ఇప్పుడు మీరే మేడమ్" అంది. వేదిక ఎక్కాను. ఆయన నమస్కారం పెట్టి తాడు కొస నా చేతికందించాడు. మెత్తగా, మర్యాదగా.

నేను మైకు తీసుకున్నాను. "కింద లాండ్రీలో ఇస్త్రీ యంత్రాన్ని ఆపే ఎర్ర బటను మూడు వారాలుగా పనిచెయ్యట్లేదు" అన్నాను. నా గొంతు హాలు చివర గోడకి తగిలి తిరిగొచ్చింది. "అది బాగుచేశాక ఈ తాడు లాగుతాను."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఫొటోగ్రాఫరు కెమెరా దించాడు. ఆఫీసు అమ్మాయి మొహం పాలిపోయింది, ఆ పిల్లకి మాత్రం క్షమాపణ చెప్పుకోవాలి. డైరెక్టరు మైకు మీద అరచెయ్యి మూసి నా వైపు వంగాడు.

"ఇది సందర్భం కాదమ్మా. అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాత కాదండీ."

"ఇంతమంది పెద్దల ముందు... మీ అమ్మమ్మగారైతే ఇలా ఎప్పుడూ..."

అక్కడ ఆగాడు. నోరు తెరిచే ఉంది. ఆయన కళ్ళు నా మొహం మీంచి జారి ఎక్కడికో, వరండా వైపు, పోయాయి. నాకు తెలుసు ఆ బెంచీ ఇప్పుడక్కడ లేదని, కొత్త అద్దాల గదులొచ్చాయని, ఆయన మాత్రం దాన్నే చూస్తున్నాడు. ఆ వాక్యం పూర్తి చెయ్యమని ఎదురుచూశాను. చెయ్యలేదు. జీవితంలో మొదటిసారి ఆయన అనకుండా వదిలేసిన మాట చూసి నాకు తృప్తిగా అనిపించింది.

వేదిక మీది కుర్చీ లాక్కుని పలక ముందు కూర్చున్నాను.

"ఎంతసేపు కూర్చుంటారు?" అన్నాడు, చాలా చిన్నగా.

"పదకొండు నెలలు నాకు కుదరదండీ, ఉద్యోగముంది. ఇవాళంతా కూర్చుంటాను. రేపు సెలవు పెట్టి వస్తాను."

ఆయన కర్ర మీద బరువు మార్చుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి, దీపాల దగ్గర నిచ్చెన పక్కన నిలబడ్డ ఎలక్ట్రీషియన్ని వేలితో పిలిచాడు. పనిముట్ల సంచీ భుజానేసుకుని అతను హాలు మధ్య నుంచి, ఖరీదైన బట్టల మధ్య నుంచి, కింది మెట్ల వైపు నడిచాడు. పిచ్చుకక్క అతని వెనకాలే దాదాపు పరిగెత్తింది. అతిథుల్లో కొందరు వెళ్ళిపోయారు. కొందరు బిస్కెట్లు తింటూ నన్ను చూస్తూ గుసగుసలాడారు. చూడనీ. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాకు ప్రార్థన రాదు, ఎవరితో మాట్లాడాలో తెలియదు, ఊరికే కూర్చున్నాను, వీపు నిటారుగా పెట్టి, దవడలు నొప్పెట్టేదాకా బిగించి. డైరెక్టరు కూడా పోలేదు, పోతే ఏమవుతుందో ఆయనకి తెలుసు కాబట్టి. కాసేపటికి నిలబడలేక అవతలి కుర్చీలో కూలబడ్డాడు.

ముప్పావుగంట పట్టింది. మెట్ల మీద అడుగుల చప్పుడు, ఒకరిది కాదు, పదిమందివి. లాండ్రీ ఆడవాళ్ళందరూ తడి ఏప్రన్లతోనే పైకొచ్చి గోడ పక్కన నిలబడ్డారు. ముందు పిచ్చుకక్క.

"పనిచేస్తోంది" అంది. "నేనే మూడుసార్లు నొక్కి చూశా. మూడుసార్లూ ఆగింది."

నేను లేచాను. పలక మీద వాక్యం నాకు చూడాలని లేదు, చూస్తే దిద్దాలనిపిస్తుంది. తాడు కొస తీసుకెళ్ళి పిచ్చుకక్క చేతికిచ్చాను. నేనా అన్నట్టు చూసింది. లాగక్కా అన్నాను. ఏప్రనుకి తడి తుడుచుకుని, తాడుని రెండు చేతులతో, పది వేళ్ళతో బిగించి పట్టుకుని, లాగింది.